‘ప్ర’ చేరితే పెద్దదా, చిన్నదా? ప్రజాతి, జాతి, సర్కారు తుమ్మ

సందేహం: బడిలో ‘ప్రజాతి’ పెద్దది, ‘జాతి’ దాని లోపలిది అని చెబుతున్నాం. పత్రికల్లో మాత్రం ‘నల్లమలలో అరుదైన సీతాకోకచిలుక ప్రజాతి’ అని ఒక్క జాతికే రాస్తున్నారు. ఏది సరి? మా వైపు నల్లతుమ్మ, తెల్లతుమ్మ, సర్కారు తుమ్మ అంటాం. ఇందులో ‘తుమ్మ’ ప్రజాతి, ముందున్న మాట జాతి అని పిల్లలకు చెప్పవచ్చా? మాంగిఫెరా ఇండికా వంటి పేర్లను తెలుగులో రాసే పద్ధతి ఏమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

సమాధానం: బడిలో మీరు చెబుతున్నదే సరి. తెలుగు పాఠ్యపుస్తకాల పరిభాషలో ప్రజాతి పై మెట్టు, జాతి కింది మెట్టు. పెద్దపులి, చిరుతపులి, సింహం మూడు జాతులు. మూడూ పాంథెరా అనే ఒకే ప్రజాతిలోవి.

పత్రికల పొరపాటుకు మూలం హిందీ. అక్కడ వాడుకలో ‘ప్రజాతి’ అంటే మన జాతి. మన ప్రజాతికి వాళ్లు ‘వంశ్’ అంటారు. హిందీ ప్రకటనను తెలుగు చేసేటప్పుడు సంస్కృత పదం కనబడగానే మనదే అనుకుని అలాగే ఉంచేస్తే అర్థం ఒక మెట్టు పైకి జరుగుతుంది. ‘అరుదైన సీతాకోకచిలుక జాతి’ అంటే చాలు.

ఇక ‘ప్ర’ సంగతి. ఈ ఉపసర్గను చూసి పెద్దదో చిన్నదో తేల్చుకోలేం. పితామహుడికి ‘ప్ర’ చేరిస్తే ప్రపితామహుడు, అంటే ఒక తరం పైకి. పౌత్రుడికి చేరిస్తే ప్రపౌత్రుడు, ఒక తరం కిందికి. శిష్యుడి శిష్యుడు ప్రశిష్యుడు, అదీ కిందికే. ‘ప్ర’ చెప్పేది ఇంకో అడుగు దూరమని మాత్రమే. ఆ అడుగు ఎటు అన్నది వాడుక నిర్ణయిస్తుంది. తెలుగు పరిభాష దాన్ని పైకి వేసింది. తర్కంతో రాబట్టేది కాదు కాబట్టి పిల్లలకు గుర్తుండే పోలిక ఒకటి ఇవ్వండి: ప్రజాతి ఇంటిపేరు, జాతిని చెప్పే మాట సొంతపేరు. మనలో ఇంటిపేరు ముందు వస్తుంది. శాస్త్రీయ నామంలోనూ అంతే.

ఆ పోలిక ఒకచోట తెగుతుంది. మనిషిని సొంతపేరుతో పిలిస్తే సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. ‘మామిడి జాతి పేరు ఇండికా’ అని రాయడం చాలా నోట్సుల్లో కనిపించే తప్పు. మామిడి మాంగిఫెరా ఇండికా, చింత టామరిండస్ ఇండికా, వేప అజాడిరక్టా ఇండికా. ఉత్త ‘ఇండికా’ అంటే వీటిలో ఏది? బెంగాలెన్సిస్ అన్నా అంతే. పాలమూరు పిల్లలమర్రిలోని మర్రి ఫైకస్ బెంగాలెన్సిస్, దసరాకు చూసే పాలపిట్ట కొరాసియస్ బెంగాలెన్సిస్. జాతి పేరు అంటే రెండు మాటలూ కలిసినది. రెండో మాటను విడిగా చెప్పాల్సి వస్తే ‘జాతి విశేషణం’ అనండి.

మీ తుమ్మల ప్రశ్న ఇంకా బాగుంది. తెలుగు పేరులో విశేషణం ముందు, అసలు పేరు వెనుక: నల్ల+తుమ్మ. లాటిన్‌లో తిరగబడి ఉంటుంది. ఆ మేరకు మీ ఊహ సరైనదే, మొదటి రెండు తుమ్మలకు సరిపోతుంది కూడా. నల్లతుమ్మ వాచెలియా నిలోటికా, తెల్లతుమ్మ వాచెలియా ల్యూకోఫ్లియా. ల్యూకోఫ్లియా అన్న గ్రీకు మూలపు మాటకు ‘తెల్ల బెరడుది’ అని అర్థం. పశువులు కాసేవాళ్లు ఏది చూసి తెల్లతుమ్మ అన్నారో, పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడూ అదే చూశాడు. పాత పుస్తకాల్లో ఈ రెండూ అకేషియా కింద కనబడతాయి. ఆ ప్రజాతిని విడదీసినప్పుడు అకేషియా అన్న పేరు ఆస్ట్రేలియా చెట్లకు దక్కేలా 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సభ తీర్మానించింది, 2011లో మెల్‌బోర్న్ సభ దాన్నే నిలబెట్టింది. మన తుమ్మలు వాచెలియా అయ్యాయి. కాబట్టి పాత పేరు రాసిన పిల్లవాడికి సున్నా వేయకండి. ‘ఇప్పటి పేరు ఇది’ అని పక్కన రాయండి.

సర్కారు తుమ్మ దగ్గరే మీ సూత్రం బెసుకుతుంది. అది వాచెలియా కాదు, ప్రొసోపిస్ జూలిఫ్లోరా. 2022లో వచ్చిన వర్గీకరణలో నెల్టుమా జూలిఫ్లోరా. పుట్టిల్లు అమెరికా ఖండం. దసరాకు మొక్కే జమ్మి ప్రొసోపిస్ సినరేరియా. అంటే ఈ చెట్టు తుమ్మ కన్నా జమ్మికే దగ్గరి చుట్టం. నమ్మకం కుదరకపోతే పూత మీద ఉన్నప్పుడు పిల్లలను చెట్టు కిందికి తీసుకెళ్లండి. నల్లతుమ్మ పూలు పసుపుపచ్చని గుండ్రటి బంతులు, కాయ పూసల దండలా గింజగింజకూ నొక్కుకుపోయి ఉంటుంది. సర్కారు తుమ్మ పూత వేలాడే కంకి. కాయ అంత నొక్కులు లేకుండా పొడవుగా, లోపల తియ్యటి గుజ్జుతో ఉంటుంది. మేకలు తిని విత్తనాన్ని ఊరంతా చల్లేది ఆ గుజ్జు కోసమే. జమ్మి పూత కూడా కంకే. జూలిఫ్లోరా అంటేనే ‘కంకిపూలది’. ముల్లు చూసి జనం తుమ్మ అన్నారు, పువ్వు చూసి శాస్త్రం వేరు చేసింది. ఊరి పేరు తప్పని దీనర్థం కాదు. ఆ పేరుకున్న పని వేరు. చివరి మాట ప్రజాతి అవునో కాదో చెట్టుచెట్టుకూ చూసుకోవాల్సిందే. పెద్దపులి, చిరుతపులిలో ‘పులి’ సరిపోయింది. అదే ప్రజాతిలోని సింహానికి ఆ మాటే లేదు.

‘జాతి’తో ఇంకో చిక్కుంది. అమ్రాబాద్ పొడ తూర్పు జాతి ఎద్దు, ఒంగోలు జాతి ఎద్దు అంటాం. శాస్త్రం లెక్కన ఇవి రెండు జాతులు కావు, ఒకే జాతిలోని పశువులు. వాడుకలో పాతుకున్న మాటను పీకనక్కరలేదు. పాఠంలో మాత్రం ‘పశుజాతి’ అని విడదీసి చెప్పండి. పంటలకు రకం, వంగడం అన్న మంచి మాటలున్నాయి. బాలానగర్ సీతాఫలం జాతి కాదు, రకం. దాన్ని అన్నోనా స్క్వామోసా ‘బాలానగర్’ అని ఒంటి ఉల్లేఖన చిహ్నాల్లో రాస్తారు.

ప్రజాతికి పై మెట్లు, పైనుంచి కిందికి: రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం. ‘విభాగం’ దగ్గర జాగ్రత్త: కొన్ని జంతుశాస్త్ర పుస్తకాల్లో అది తరగతికి బదులుగా వస్తుంది, వృక్షశాస్త్రంలో తరగతికి పైమెట్టు.

రాసే పద్ధతికి వద్దాం. రోమన్ లిపిలో మొదటి మాట పెద్దక్షరంతో, రెండోది చిన్నక్షరంతో మొదలవుతుంది. అచ్చులో వాలు అక్షరాలు, చేతిరాతలో ఏ మాటకు ఆ మాట కింద విడిగా గీత. తెలుగులో పెద్దక్షరం లేదు కనుక ఆ బెంగ లేదు. రెండు మాటల మధ్య ఖాళీ ఉంచండి; కలపొద్దు, అడ్డగీత పెట్టొద్దు. విభక్తిని తెలుగు పేరుకే తగిలించండి: ‘మాంగిఫెరా ఇండికాకు’ అనే బదులు ‘మామిడికి’ అని, శాస్త్రీయ నామాన్ని ఒకసారి పక్కన చూపితే చాలు. మొదటి మాటను పొడి అక్షరంగా కుదించడం రోమన్‌లో చెల్లుతుంది. తెలుగులో ‘మా.’ అనాలా ‘ఎం.’ అనాలా అన్న తగువు వస్తుంది, పూర్తిగానే రాయండి.

రెండో మాట చివరను సవరించొద్దు. మన ‘నల్ల’ నల్ల కుక్క, నల్ల పిల్లి, నల్ల మబ్బు అన్నింటా ఒకటే. లాటిన్ విశేషణం ముందున్న నామవాచకపు లింగాన్ని బట్టి తోక మారుస్తుంది. వరి ఒరైజా సటైవా, ముల్లంగి రఫానస్ సటైవస్, ఎల్లిగడ్డ అల్లియం సటైవం. మూడు చోట్లా అర్థం ‘సాగుచేసేది’ అనే. అన్నింటికీ ‘సటైవా’ అని ఒకే తీరుగా దిద్దితే రెండు తప్పవుతాయి.

పేరు పెట్టినవారి గుర్తు రాస్తే కుండలీకరణాలను పోగొట్టొద్దు. తంగేడు సెన్నా ఆరిక్యులాటా (ఎల్.) రాక్స్‌బ. లోపలి ‘ఎల్.’ లిన్నేయస్, 1753లో దీన్ని కాసియా కింద పెట్టింది ఆయన. సెన్నాకు మార్చింది బయట ఉన్న రాక్స్‌బరో. ఆరిక్యులాటా అంటే చెవులున్నది. బతుకమ్మకు కోసుకొచ్చిన కొమ్మలో ఆకుకాడ మొదట చూడండి, చిన్న చెవుల్లాంటి పచ్చటి రేకులు రెండు కనిపిస్తాయి.

చివరగా, మన తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక పేరు ఆక్సిస్ ఆక్సిస్. మాట రెండుసార్లు పడిందనుకుని అచ్చు దిద్దేవారు ఒకటి కొట్టేస్తుంటారు. రెండూ ఉండాలి. జంతువుల పేర్లలో ఇది చెల్లుతుంది, మొక్కల నియమావళి ఒప్పుకోదు. మొక్క పేరులో ప్రజాతి మాటే జాతి విశేషణంగా మళ్లీ కనబడితే మాత్రం అది తప్పే.