పాట ఎఫ్ఎంలో, యాప్‌లో వస్తోంది, రాసినవాడికి డబ్బు రాదేం?

మీరడిగింది ఇదీ: చిన్న సినిమాకి రెండు పాటలు రాశారు, ఎఫ్ఎంలో, యాప్‌ల్లో బాగానే వస్తున్నాయి, మీకు రూపాయి రాలేదు, అసలు రేటు ఎవరు పెడతారు, లెక్క ఎవరు చూస్తారు అని. నాకూ ఇదే అయింది కాబట్టి తెలిసింది చెప్తా.

ముందు భయం వదిలేయండి, అగ్రిమెంట్‌లో అన్ని హక్కులూ రాసిచ్చేశాను కదా అనుకుంటున్నారేమో, 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రాయల్టీలో మన వాటా వారసులకి, కాపీరైట్ సొసైటీకి తప్ప ఎవరికీ రాసివ్వడానికి లేదు, రాయించుకున్నా చెల్లదు. హాల్లో సినిమాతో పాటు వినపడేదానికి తప్ప మిగతా చోట్ల పబ్లిషర్‌తో, అంటే పాట హక్కులు తీసుకున్న కంపెనీతో, సమానంగా మనకీ రావాలి. హిందీ సినీ కవి జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో దీని కోసం ఎంత కొట్లాడారో, ఆయనకి మనమంతా రుణపడి ఉన్నాం.

రేటు సంగతికొస్తే, రికార్డింగ్ మీద ఎఫ్ఎం వాళ్ళు కట్టేది 2010లో కాపీరైట్ బోర్డు యాడ్స్ ఆదాయంలో 2 శాతం అంది, 2020 డిసెంబర్ 31న ఐపీఏబీ అనే అప్పటి ట్రిబ్యునల్ దాన్ని నీడిల్ అవర్ లెక్కకి మార్చింది, అంటే పాటలు నిజంగా మోగిన గంటలకి ఇంత అని. అది రికార్డింగ్ హక్కులున్న మ్యూజిక్ కంపెనీకి వెళ్ళేది. సాహిత్యానికీ బాణీకీ విడిగా కట్టాలని 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఇంటెరిమ్ ఆర్డర్, అంటే కేసు తేలేవరకు ఉండే ఆర్డర్, ఇచ్చింది. రేడియోకి ఇలా రేటు పెట్టే వీలిచ్చేది కాపీరైట్ చట్టంలో 31డి సెక్షన్, యాప్‌లకి మాత్రం అది వర్తించదని అదే కోర్టు 2019లో చెప్పింది, అక్కడ అంతా బేరమే, స్ట్రీమ్‌కి ఇంత అని ఫిక్స్ ఉండదు, వచ్చిన ఆదాయాన్ని ఏ పాట ఎన్నిసార్లు విన్నారో చూసి పంచుతారు.

అసలు తేడా వచ్చేది చెకింగ్‌లో. స్టేషన్ వాళ్ళు ఏ పాట ఎప్పుడు వేశారో లాగ్ ఇస్తారు, యాప్‌లు రిపోర్ట్ ఇస్తాయి, మన తరఫున వసూలు చేసే సొసైటీ ఐపీఆర్ఎస్ దాన్ని తన దగ్గరున్న పాటల లిస్టుతో కలిపి చూస్తుంది. కలవకపోతే ఆ డబ్బు పక్కన ఉండిపోతుంది. నేను పల్లె యాసలో ఒక పాట రాశా, ఊళ్ళో పెళ్ళిళ్ళలో కూడా వేసేవారు, రెండేళ్ళు ఐపీఆర్ఎస్ స్టేట్‌మెంట్‌లో దాని పేరే లేదు. తీరా ఏ పాట ఎవరు రాశారో ఉండే కంపెనీ షీట్ తెప్పించి చూస్తే రచయిత కాలమ్‌లో 'ట్రెడిషనల్' అని ఉంది! యాసలో ఉంది కదా జానపదమే అనుకుని ఎవరో అలా టైప్ చేసేశారు. నాలుగు రాత్రులు కూర్చుని రాసిన చరణాలండీ అవి, ఎవరి ముత్తాతో రాసినట్టు ఉంటే కడుపు మండిపోయింది. అగ్రిమెంట్ కాపీ, నా చేతిరాత కాగితాలు పెట్టి మార్పించడానికి ఏడు నెలలు పట్టింది, ఆ తర్వాత వచ్చిన స్టేట్‌మెంట్‌లో నా పేరు పక్కన మొదటిసారి అంకె కనిపించింది.

ఐపీఆర్ఎస్‌లో మెంబర్ కాకపోతే అవ్వండి, రెండు పాటలూ మీరే నమోదు చేయండి, ఇంగ్లిష్ స్పెల్లింగ్ కంపెనీ వాళ్ళది ఎలా ఉంటే అలాగే పెట్టండి, ప్రతి రికార్డింగ్‌కీ గుర్తింపు నంబర్‌గా ఉండే ఐఎస్ఆర్సీ కోడ్ కూడా అడిగి తీసుకోండి. అన్నిటికన్నా ముందు రేపే కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ళ షీట్‌లో రచయిత కాలమ్‌లో ఏం రాసుందో ఫోటో తీసి పంపమనండి.