గేమ్ ఇంజిన్ అర్థం కావడం లేదంటే ఆసక్తి పోయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. గేమ్స్ తయారు చేస్తానని గోడాట్ అనే గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టాడు. ఉద్యోగం వస్తుందా అని రోజూ అడుగుతున్నాను. నెల తిరక్కుండానే ఏమీ అర్థం కావడం లేదంటున్నాడు. అన్‌రియల్ అనే మరో ఇంజిన్ నేర్పడానికి ఒక ఇన్‌స్టిట్యూట్ లక్షన్నర ఫీజు అడుగుతోంది. కట్టమంటారా? యూనిటీ, అన్‌రియల్, గోడాట్‌లలో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ ఫీజు ఇప్పుడు కట్టకండి. మీరు మూడు ఇంజిన్ల పేర్లు రాశారు గానీ, పిల్లవాడు దేనిమీదా నిలవడేమోనన్న దిగులే మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఇలా రాసే తల్లిదండ్రులందరిదీ అదే టెన్షన్.

నెలకు గోడాట్ అర్థం కాకపోవడం మామూలే. కాలేజీలో రాసే ప్రోగ్రాములు పైనుంచి కిందికి వరసగా నడుస్తాయి. ఇంజిన్‌లో ఆట నిరంతరం తిరుగుతూనే ఉంటుంది, మనం రాసిన కోడ్‌ను అదే పిలుచుకుంటుంది. నోడ్ (ఆటలోని ఒక్కో భాగం), సీన్ (ఆ భాగాల కూర్పు), సిగ్నల్ (ఏదైనా జరిగితే అందే కబురు) అంటే ఏమిటో తలకెక్కేదాకా ఎవరికైనా తికమకే. పైగా 2023 మార్చిలో గోడాట్ 4 వచ్చినప్పుడు చాలా పేర్లు మారాయి. యూట్యూబ్‌లో పాత 3వ వెర్షన్ పాఠాలు ఇంకా బోలెడున్నాయి. పాత్రను కదిలించే నోడ్‌ను వాటిలో కైనమాటిక్‌బాడీ2డీ అంటారు, ఇప్పుడు దాని పేరు క్యారెక్టర్‌బాడీ2డీ. వీడియోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాసినా ఎర్రర్ వస్తుంటే, పిల్లలు తప్పు తమదే అనుకుంటారు. తను చూస్తున్న పాఠం ఏ వెర్షన్‌దో ముందు చూసుకోమనండి.

ఇక మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. నెల కూడా నిండని పనికి రోజూ ఉద్యోగం లెక్క అడిగితే ఏ పిల్లాడు ధైర్యంగా నేర్చుకుంటాడు? డేటా స్ట్రక్చర్స్ మొదటి నెలలో రాకపోతే బ్రాంచి మార్పిస్తారా? ఇప్పుడు లక్షన్నర కట్టేస్తే, రేపు తనకు నచ్చకపోయినా మీ డబ్బు గుర్తొచ్చి మానలేడు. ఆ బరువు ఈ వయసులో వాడి నెత్తిన పెట్టకండి.

అన్‌రియల్ మంచి ఇంజిన్. కొత్తవాళ్లకు దాన్నే మొదటి మెట్టుగా అమ్మడం మీదే నా అనుమానం. డెమోలో అడవి, కొండలు, వెలుతురు సినిమాలా కనిపిస్తాయి. విద్యార్థి కూడా రెడీగా దొరికే సామగ్రితో అందమైన అడవి పేరుస్తాడు, అందులో ఆడటానికి మాత్రం ఏమీ ఉండదు. లోతుకు వెళ్లాలంటే సీ ప్లస్ ప్లస్ భాష రావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఇన్‌స్టాల్‌కే పదుల జీబీలు పోతాయి. పైగా విద్యార్థికి అన్‌రియల్ ఉచితం, దాన్ని తయారు చేసిన ఎపిక్ సంస్థ పాఠాలూ ఉచితం. అలాంటప్పుడు లక్షన్నర దేనికో ఆ ఇన్‌స్టిట్యూట్‌నే అడగండి. ప్యాకేజీ అంకెలు వద్దు, వాళ్ల విద్యార్థులు పూర్తిచేసిన ఆటలు చూపించమనండి.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెప్తాను. మొబైల్ గేమ్ స్టూడియోల్లో యూనిటీ వాడకం ఎక్కువ. పెద్ద 3డీ ఆటలకు అన్‌రియల్. గోడాట్‌కు ఉద్యోగాలు తక్కువే, కానీ మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది, అందులో కోడ్ రాసే జీడీస్క్రిప్ట్ భాష పైథాన్‌లా ఉంటుంది. ఈ రంగంలో గాలి మారుతూనే ఉంటుంది. 2023 సెప్టెంబరులో యూనిటీ, ఆట ఎన్ని ఇన్‌స్టాల్‌లు అయితే ఆ లెక్కన దాన్ని తయారుచేసినవాళ్లు కట్టాల్సిన రుసుము ప్రకటించగానే చాలామంది గోడాట్ వైపు చూశారు. ఏడాదికి యూనిటీ ఆ రుసుమును రద్దు చేసుకుంది. అందుకే ఏ ఇంజిన్ అన్నదానికి రెండో సంవత్సరంలో నిద్ర పాడుచేసుకోవద్దు. ఆటగాడి కదలిక, ఢీకొనడం, స్కోరు ఎలా కలిసి పనిచేస్తాయో ఒకచోట వంటబడితే యూనిటీకి మారినప్పుడు అక్కడ వాడే సీ షార్ప్ భాష, యూనిటీ పద్ధతులు నేర్చుకుంటే సరిపోతుంది.

గోడాట్ అధికారిక పాఠాల్లో మొదటి 2డీ ఆట ఒకటుంది, వచ్చిపడే రాక్షసులను తప్పించుకోవడమే దాని పని. వీడియోలు పక్కనపెట్టి దాన్ని పూర్తి చేయమనండి. తర్వాత రాక్షసుల వేగం పెంచడమో, ప్రాణాలు మూడు ఇవ్వడమో, సొంతంగా ఏదో ఒకటి మార్చమనండి. బ్రౌజర్‌లో ఆడేలా ఎగుమతి చేసి సొంత ఆటలు అందరికీ పెట్టే ఇచ్.ఐఓ సైట్‌లో పెడితే ఇంట్లో కంప్యూటర్‌లో మీరే ఆడి చూడొచ్చు. ఈ సెమిస్టర్‌కు అంతే చాలు, ఉద్యోగం మాట అప్పటిదాకా ఎత్తకండి. ఆ తర్వాత కూడా అన్‌రియలే కావాలని వాడే అడిగితే, ముందు ఉచిత పాఠాలతో రెండు నెలలు చేయనివ్వండి.