హాకీ మానేసిన అబ్బాయి బ్యాంకింగ్‌లోకి వెళ్లగలడా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయి చిన్నప్పటి నుంచి ఐస్ హాకీ ఆడాడు. హైస్కూల్ అయ్యాక రెండేళ్లు జూనియర్ లీగ్‌లో ఆడి, 20 ఏళ్లకు డివిజన్ త్రీ (కాలేజీ క్రీడల్లో మూడో స్థాయి) కాలేజీలో చేరాడు. ఇప్పుడు ఎకనామిక్స్ రెండో ఏడాది. రెండోసారి తలకు దెబ్బ తగిలాక డాక్టర్ ఇక ఆడొద్దన్నారు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లోకి వెళ్తానంటున్నాడు. వృథా అయిన ఆ రెండేళ్ల గురించి ఏమని సర్దిచెప్పుకోవాలి?

జవాబు: ఆ రెండేళ్ల గురించి సర్దిచెప్పాల్సి వస్తే మన బంధువులకే రావాలండి. హాకీ ఆడేవాళ్లు జూనియర్స్ ఆడి 20, 21 ఏళ్లకు కాలేజీలో చేరడం అమెరికాలో మామూలే.

నాకు ముందు పట్టింది తల దెబ్బ సంగతి. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్లు వారానికి 80 గంటలు స్క్రీన్ ముందు కూర్చునే రోజులుంటాయి. అంతసేపు కూర్చోవచ్చా అని డాక్టర్‌నే సూటిగా అడగండి. ఇంకా తలనొప్పులు ఉంటే కంపెనీల్లో బడ్జెట్, ప్లానింగ్ చూసే ఫైనాన్స్ ఉద్యోగాలు నయం.

మైక్ రిక్టర్ అని న్యూయార్క్ రేంజర్స్ ఐస్ హాకీ జట్టు గోల్‌కీపర్ ఉండేవాడు. 54 ఏళ్ల తర్వాత 1994లో రేంజర్స్ ఐస్ హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచినప్పుడు గోల్ ముందు నిలబడింది అతనే. 2002లో పక్ (ఐస్ హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) తగిలి పుర్రె చిట్లింది. కోలుకుని వస్తే అదే ఏడాది మళ్లీ తలకు దెబ్బ. 2003లో, 36 ఏళ్ల వయసులో ఆట వదిలేశాడు. అంత పేరున్నవాడు యేల్ యూనివర్సిటీలో విద్యార్థిగా చేరి డిగ్రీ పూర్తిచేశాడు. పర్యావరణ రంగ కంపెనీల్లో పెట్టుబడులు పెట్టే సంస్థలో భాగస్వామి కూడా అయ్యాడు. మీవాడికి 36 కాదు, ఇంకా రెండో ఏడాదే.

అయితే ఈ రెండో ఏడాదే కీలకం. మూడో ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద బ్యాంకులు ఏడాదికి పైగా ముందే ఎంపికలు మొదలుపెడుతున్నాయి.

రెజ్యూమెలో ‘టీమ్‌వర్క్, లీడర్‌షిప్’ అని రాయొద్దనండి. ఆటగాళ్లందరూ అదే రాస్తారు, ఎవరూ చదవరు. వారానికి ఎన్ని గంటల ప్రాక్టీసు, సీజన్‌లో ఎన్ని మ్యాచ్‌లు, ఆ సెమిస్టర్‌లో జీపీఏ ఎంత అన్నది ఒకే లైన్లో పెడితే చాలు.

మాక్ ఇంటర్వ్యూల్లో ఆటగాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: డిప్రిసియేషన్ (మెషీన్లు పాతబడ్డకొద్దీ తగ్గే విలువను ఖర్చుగా రాసుకోవడం) 10 డాలర్లు పెరిగింది, పన్ను 25 శాతం. ఏమేం మారతాయి? ఖర్చు 10 పెరిగినా పన్ను రెండున్నర తగ్గుతుంది కాబట్టి లాభం ఏడున్నర తగ్గుతుంది. డిప్రిసియేషన్‌లో చేతి నుంచి డబ్బు పోదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 10 తిరిగి కలిపితే నగదు రెండున్నర పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో ఒకవైపు మెషీన్ల విలువ 10 తగ్గి, నగదు రెండున్నర పెరిగి, మొత్తం ఏడున్నర తగ్గుతుంది. రెండోవైపు రిటెయిన్డ్ ఎర్నింగ్స్ (కంపెనీలోనే ఉంచుకున్న లాభాలు) కూడా అంతే తగ్గుతాయి, లెక్క సరిపోతుంది. ఇది తడుముకోకుండా చెప్పగలిగితే, ఆట గురించి ఇంటర్వ్యూ చేసేవాళ్లే అడుగుతారు. ఎందుకు మానేశావంటే ఒక్క వాక్యం చాలు.

షేర్లు, బాండ్ల రంగంలోకి వెళ్లేవాళ్లు రాసే తొలి పరీక్ష ఎస్‌ఐఈని 18 నిండినవాళ్లెవరైనా ఉద్యోగం లేకుండానే రాయొచ్చు. 75 ప్రశ్నలు, పాసైతే నాలుగేళ్లు చెల్లుతుంది. వేసవిలో రాయించండి.

ఆ కాలేజీ జట్టులో ఆడి ఇప్పుడు ఫైనాన్స్‌లో ఉన్నవాళ్లెవరో కోచ్‌కు తెలిసే ఉంటుంది. వాళ్లను ఉద్యోగం అడగొద్దు, ఫోన్లో పావుగంట మాట్లాడతారా అని మెయిల్ పెట్టాలి. ఈ వారమే కోచ్‌ను కలిసి ఆ పేర్లు తీసుకోమనండి. కలవాల్సింది మీరు కాదు, అతనే.