ల్యాప్‌టాప్ మార్చాలా, డిస్క్ మారిస్తే చాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. ఇంటి దగ్గరే ఉండి మూడు జీడి ఫ్యాక్టరీలకు లెక్కలు రాస్తాను. ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు నా పని. నెలకు తొమ్మిది వేలు వస్తాయి. 2020లో కొన్న ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే ఏడు నిమిషాలు పడుతోంది. సెలెరాన్ ఎన్4000 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. డిస్క్‌లో 180 జీబీ నిండింది, అందులో సగం పైగా పెళ్లి వీడియోలు, ఫొటోలే. షాపులో కొత్తది 38,000 అన్నారు, వాయిదాల్లో అయితే నెలకు 2,490 చొప్పున 18 నెలలు. లేదంటే హార్డ్ డిస్క్ తీసేసి దాని బదులు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేస్తామన్నారు. 256 జీబీ 2,600, 500 జీబీ 4,200, బిగించడానికి 500. పోస్టాఫీసులో నెలకు వెయ్యి చొప్పున ఆర్‌డీ 2023 డిసెంబర్ నుంచి కడుతున్నాను, 28 వాయిదాలు అయ్యాయి. అది తీసేసి కొత్తది కొనేయమని మా వారంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆర్‌డీ సంగతి తేల్చేద్దాం. అది ఇప్పుడు తీద్దామన్నా కుదరదు. మూడేళ్లు నిండితే గాని పోస్టాఫీసు ఆర్‌డీని మధ్యలో మూయనివ్వరు. మీకు వచ్చే డిసెంబర్ దాకా ఆ దారి లేదు. ఆ తర్వాత మూసినా మీ 6.7 శాతం వడ్డీ రాదు, సేవింగ్స్ ఖాతాకిచ్చే 4 శాతం లెక్కనే చేతిలో పెడతారు. ఐదేళ్ల గడువుకి ఒక్క రోజు ముందు మూసినా అంతే. కాబట్టి దాన్ని ముట్టుకోవద్దని మీ వారికి నా మాటగా చెప్పండి.

ఇక వాయిదాలు. 2,490 చొప్పున 18 నెలలంటే 44,820. అంటే 38,000 వస్తువుకి 6,820 ఎక్కువ. ఇది ఏడాదికి దాదాపు 22 శాతం వడ్డీ. షాపులో ఆ శాతం చెప్పరు, నెలకెంతో మాత్రమే చెబుతారు. మీ తొమ్మిది వేలలో పావు వంతు పైగా ఏడాదిన్నర పాటు దానికే పోతుంది. పైగా మీ ఆదాయం మూడు ఫ్యాక్టరీల మీద ఆధారపడి ఉంది, ఆ మూడూ ఒకే పంట మీద బతుకుతున్నాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు జీడి తోటలు ఎలా నేలకొరిగాయో నాకంటే మీకే బాగా తెలుసు. అలాంటి ఏడాదిలో ఫ్యాక్టరీ ఆగితే మీ జీతమూ ఆగుతుంది గాని వాయిదా ఆగదు. నా అభ్యంతరమంతా ఇక్కడే. కొత్త ల్యాప్‌టాప్ తప్పని నేననను, ఈ అప్పుతో కొనడమే తప్పంటాను.

అందుకే 500 జీబీ ఎస్‌ఎస్‌డీకి 4,200, బిగింపుకి 500, మొత్తం 4,700తో పని జరుగుతుందో లేదో ముందు చూడాలి. జరుగుతుందనే నా నమ్మకం, కానీ డబ్బు కట్టేముందు ఒక్క పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ దగ్గర డిస్క్ చాలాసేపు 100 శాతం దగ్గరే నిలబడి, సీపీయూ, అంటే ప్రాసెసర్, మాత్రం ముప్పయ్యో నలభయ్యో చూపిస్తుంటే దోషం డిస్క్‌దే. అలా కాక ఐదారు నిమిషాలైనా సీపీయూనే వందలో ఉంటే ఎస్‌ఎస్‌డీ వేసినా పెద్ద తేడా రాదు, ఆ 4,700 ఖర్చు పెట్టకండి. డిస్క్ పేరు పక్కన హెచ్‌డీడీ అని ఉందో ఎస్‌ఎస్‌డీ అని ఉందో కూడా అక్కడే కనిపిస్తుంది.

మీ వివరాలు చూస్తే మాత్రం డిస్కే అనిపిస్తోంది. ఆ తరం చవక ల్యాప్‌టాప్‌ల హార్డ్ డిస్క్‌లో ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే ముల్లు ఉంటాయి. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు వెతకాలి. ఆ ముల్లు సెకనుకు వంద చోట్లకు వెళ్లడమే కష్టం. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు, వేల చోట్ల నుంచి ఒకేసారి చదువుతుంది. మీ 4 జీబీ ర్యామ్ నిండినప్పుడు విండోస్ మిగిలినదాన్ని డిస్క్ మీదకే నెడుతుంది కాబట్టి అక్కడా మేలే. ప్రాసెసర్ 6 వాట్ల చిన్నదే, అయినా ట్యాలీకీ జీఎస్టీ పోర్టల్‌కీ సరిపోతుంది.

ఇప్పుడు ఏది కొనాలి? షాపాయన ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ ఉందని, సెకనుకు 3,500 ఎంబీ అని చెప్పవచ్చు. మీకది వద్దు. మీ ఎన్4000 ప్రాసెసర్‌లో డేటా వెళ్లే దారులు పాత పీసీఐ 2.0 రకానివే, ఆ వేగం దానికి అందదు. కొన్ని మోడళ్లలో దాన్ని గుచ్చే ఎం.2 స్లాట్ అసలుండదు, ఉన్నా అది సాటా అనే పాత, నెమ్మది రకానిదే కావచ్చు. మీ హార్డ్ డిస్క్ ఉన్న చోటే కూర్చునే 2.5 అంగుళాల, 7 మిల్లీమీటర్ల మందం సాటా ఎస్‌ఎస్‌డీ అడగండి. దాని వేగం సెకనుకు 550 ఎంబీ దరిదాపుల్లోనే ఆగుతుంది, మీకు అదే చాలా ఎక్కువ. రేపు ఈ ల్యాప్‌టాప్ పోయినా ఆ డిస్క్ తీసి ఇంకో దాంట్లో వేసుకోవచ్చు. మీ డబ్బు వృథా కాదనడానికి నాకు నచ్చిన కారణం ఇదే.

256 కాదు, 500 తీసుకోండి. 256 అని రాసినది విండోస్‌లో 238గానే కనిపిస్తుంది. అందులో 180 ఇప్పటికే ఉంది, ఎస్‌ఎస్‌డీలో ఐదో వంతు ఖాళీ ఉంచడం మంచిది. వీడియోలు పాత డిస్క్‌లోనే వదిలేసి 256తో సరిపెట్టుకోవచ్చు కదా అంటారేమో. అప్పుడు మీ పెళ్లి వీడియోలు ఆరేళ్ల నాటి డిస్క్ మీద ఒకే ఒక్క కాపీగా మిగులుతాయి. 1,600 కోసం అంత సాహసం వద్దు.

డబ్ల్యూడీ, కింగ్‌స్టన్, శాంసంగ్ లాంటి పేరున్న కంపెనీది, కనీసం మూడేళ్ల వారంటీతో, జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. ఈ మధ్య మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి కొనే రోజున ఇంకో షాపులో కూడా రేటు అడగండి. మరీ చవగ్గా వస్తోందని పేరు తెలియనిది కొంటే, రాసినంత స్థలం లోపల లేని నకిలీలు కూడా తగులుతాయి. ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందని ఎవరైనా భయపెడితే టెన్షన్ పడకండి. ఈ తరగతి 500 జీబీ డిస్క్‌కి మొత్తం 120 టీబీ, అంటే 1,20,000 జీబీ రాసే వరకు హామీ ఇవ్వడం మామూలే. మీరు రోజుకు 15 జీబీ రాసినా అది 8,000 రోజులు, ఇరవై ఏళ్లకు పైమాటే. కరెంటు ఆదా అవుతుందన్న మాటకూ విలువివ్వకండి. రోజుకు ఆరు గంటలు వాడితే ఏడాదికి మూడు యూనిట్లకు కాస్త ఎక్కువ, యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా ఇరవై రూపాయలు.

బిగింపుకి 500 అన్నారు, ఇవ్వండి. కానీ పక్కనే కూర్చోండి. ఛార్జర్ తీసి, వెనక మూత విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఆ తర్వాతే డిస్క్ జోలికి వెళ్లాలి. మూత మరలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీయించి, ఏ మర ఏ మూలదో అక్కడే పెట్టించండి. పొడుగు మరను పొట్టి చోట బిగిస్తే పైన చెయ్యి ఆనించే చోటు ఉబ్బుతుంది. పాత డిస్క్‌కి ఉన్న రేకు ఫ్రేమ్ విప్పి కొత్తదానికి తొడగాలి. అది మరిచిపోతే డిస్క్ లోపల కదులుతూ ఉంటుంది. పని కాగానే ఆన్ చేయించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో పవర్ ఆన్ అవర్స్ చూడండి. కొత్తదైతే సున్నా, ఒకటి, రెండు లాంటి అంకె ఉండాలి. వందల్లో ఉంటే అది ఎవరో వాడినది.

పాతదాన్ని యథాతథంగా కాపీ చేయడం కంటే విండోస్ కొత్తగా ఎక్కించుకోవడం మేలు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో ఉంది, నేరుగా 11కే వెళ్లండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్క్ మారినా పోదు. లైసెన్స్ కీకి మళ్లీ డబ్బు అడిగితే ఇవ్వనవసరం లేదు. ట్యాలీ మాత్రం అలా కాదు. డిస్క్ విప్పకముందే ట్యాలీలోనే లైసెన్స్ సరెండర్ చేసి, అంటే వెనక్కి ఇచ్చి, కొత్త డిస్క్‌లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. డిస్క్‌కి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ కూడా ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే పాత డిస్క్ తర్వాత తెరుచుకోదు.

ఈ ఒక్క విషయం మాత్రం నా అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట నా ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించినప్పుడు పాత డిస్క్ షాపులోనే మరిచి వచ్చాను. వారం తర్వాత వెళితే లేదన్నారు. అందులో పదకొండు మంది క్లయింట్ల పాన్ కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మీ డిస్క్‌లో ఉన్నవి మూడు ఫ్యాక్టరీల లెక్కలు, వాళ్ల జీఎస్టీ వివరాలు. పాత డిస్క్ మీ చేతికి వచ్చాకే లేవండి. కొన్ని వందలు పెడితే దాన్ని పెన్‌డ్రైవ్‌లా బయట నుంచి తగిలించుకునే యూఎస్‌బీ కేస్ వస్తుంది. వారానికోసారి ట్యాలీ బ్యాకప్ అందులోకి తీసి బీరువాలో పెట్టండి.

డబ్బు సర్దుబాటు ఇలా చేసుకోండి. 4,700, కేస్ ఖర్చు చేతిలో ఉంటే సరే. లేకపోతే మీ ఆర్‌డీ మీద అప్పు దొరుకుతుంది. ఏడాది దాటి 12 వాయిదాలు కట్టినవాళ్లకు జమ చేసిన దాంట్లో సగం వరకు, ఆర్‌డీ వడ్డీ కంటే 2 శాతం ఎక్కువకి ఇస్తారు. మీకు 14,000 దాకా, 8.7 శాతానికి. అందులో ఐదు వేలు మాత్రం తీసుకుని ఐదారు నెలల్లో తీర్చేయండి. అది తీరాక వాయిదా కింద కట్టాల్సి వచ్చేదనుకున్న ఆ 2,490లో నెలకు 1,500 పక్కన పెట్టగలిగితే రెండేళ్లకు 36,000. అప్పటికి ఈ ల్యాప్‌టాప్ నిజంగానే అలిసిపోతే కొత్తది రొక్కం పెట్టి కొనవచ్చు.

ర్యామ్ పెంచడం గురించి మీరు అడగలేదు. మూత విప్పినప్పుడు స్లాట్ ఉందో, బోర్డుకే అతికి ఉందో చూసి రాసుకోండి. ఇప్పుడే కొనకండి. ముందు ఎస్‌ఎస్‌డీతో ఒక నెల పని చేసి చూడండి.

ఈ పని జీఎస్టీఆర్-1 గడువు 11కి, జీఎస్టీఆర్-3బీ గడువు 20కి మధ్య పెట్టుకోకండి. 20 దాటాక వచ్చే ఆదివారం, ముందు రోజు రాత్రే ట్యాలీ బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఆ పెన్‌డ్రైవ్‌ని ఇంట్లోనే ఉంచి షాపుకి వెళ్లండి.