కసి తీరుతుందని బాక్సింగ్‌లో చేర్చకండి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. కబడ్డీలో జిల్లా జట్టు రైడర్. పట్టుబడగానే డిఫెండర్‌ను మోచేత్తో పొడుస్తున్నాడు. మూడు మ్యాచ్‌ల్లో రెండు ఎల్లో కార్డులు. రాష్ట్ర సెలక్షన్స్ దగ్గరపడ్డాయి. బాక్సింగ్‌లో వేస్తే కసి తీరి నెమ్మదిస్తాడని బంధువులు అంటున్నారు. ఆట మాన్పించాలా?

జవాబు: మాన్పించొద్దండీ. బాక్సింగ్ మంచి ఆటే, కానీ కోపానికి మందుగా మాత్రం వద్దు. దేన్నో ఒకదాన్ని గుద్దితే కోపం ఖాళీ అయిపోతుందన్న నమ్మకం పరీక్షకు నిలవలేదు. 2002లో మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే నెమ్మదిగా ఉన్నారు.

రైడర్‌కు దూకుడు ఉండాల్సిందే. పట్టు విడిపించుకోవడానికి బలమంతా పెట్టి మధ్య గీత వైపు లాక్కెళ్లడం దూకుడు. విజిల్ పడ్డాక మోచెయ్యి విసరడం దాడి. అది పాయింట్ కోసం లెక్కేసుకుని చేస్తున్నాడా, ఉక్రోషంతోనా అన్నది ముందు తేలాలి. లెక్కేసి చేస్తుంటే అది ఎవరో నేర్పిన పని, కోచ్‌తో మాట్లాడాలి.

ఉక్రోషమైతే, అనుకున్నది చేజారడమే మూలం. 1939లో యేల్ విశ్వవిద్యాలయంలో డొలార్డ్ అనే పరిశోధకుడి బృందం దాడికి ఎప్పుడూ ఆశాభంగమే కారణమంది. అది అతి. ఆశాభంగం మనిషిని సిద్ధం చేస్తుందనీ, రెచ్చగొట్టేది ఎదురుగా ఉంటే చెయ్యి లేస్తుందనీ తర్వాత బెర్కోవిట్జ్ అనే మనస్తత్వవేత్త సరిదిద్దాడు. ఉదాహరణకు 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ప్రత్యర్థిని తలతో గుద్దింది అదనపు సమయంలో, 110వ నిమిషంలో. అప్పటికి ఒళ్లు అలిసి ఉంది, పైగా ఆ ప్రత్యర్థి ఓ మాటన్నాడు.

రాబోయే ఐదు మ్యాచ్‌లకు ఒక నోటుపుస్తకం పెట్టండి. నిమిషం, స్కోరు, చెయ్యి విసరడానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఎవరు ఏమన్నారు రాయండి. డూ ఆర్ డై రైడ్‌లోనేనా (పాయింట్ తేకపోతే రైడర్ అవుటయ్యే రైడ్)? ఫలానా డిఫెండర్ గొణిగినప్పుడేనా? ‘ఎవరు ఏమన్నారు’ అన్న చివరి గడి చాలా ముఖ్యం. కార్డు పడ్డాక ‘భలే ఇచ్చావురా’ అని సీనియర్ భుజం తడితే పిల్లాడు నేర్చుకునేది అదే. పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు అచ్చం అలాగే కొట్టడాన్ని మనస్తత్వవేత్త బాండూరా 1961లోనే చూపించాడు.

తర్వాత విజిల్‌కు ఒక పని జతచేయాలి: రెండు చేతులూ తెరిచి పైకెత్తడం, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి ఆరు లెక్కపెట్టేంత సేపు వదలడం, వెనక్కి చూడకుండా గీత దాటి రావడం. ఇంట్లో కూర్చుని నేర్పితే మ్యాట్ మీద గుర్తుకురాదు, అక్కడ గుండె దడదడలాడుతుంటుంది కాబట్టి. పరుగులు తీయించి, ఆయాసంలో ఉండగా కోచ్ కావాలనే తప్పు విజిల్ వేయాలి. ప్రాక్టీసుకు పదిసార్లు, నెల రోజులు. మొదటి వారం సగానికి సగం తప్పుతాడు, తిట్టకండి.

బడిలో, ఇంట్లో కూడా చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఇది ఆట సంగతి కాదు. సెలక్షన్స్ అయ్యేదాకా ఆగకుండా క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి.