బాప్తిస్మపు రిజిస్టరులో మా ముత్తాత దొరికిన విధం

మీ తాతగారి తల్లిదండ్రుల పేర్లు ఇంట్లో ఎవరికీ గుర్తులేవు, గుడిలో బాప్తిస్మం రికార్డు చూస్తే తెలుస్తాయా అని అడిగారు. తెలిసే అవకాశం బాగానే ఉంది. పల్నాడులో ఒక లూథరన్ సంఘంలో మా ముత్తాత వివరాలు నాకు అలాగే దొరికాయి.

ముందు మీవాళ్ళు ఏ మిషన్‌కు చెందినవాళ్ళో తేల్చుకోండి. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పసిపిల్లలకు కూడా బాప్తిస్మం ఇస్తారు కాబట్టి మామూలుగా పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. కతోలికులైతే జ్ఞానస్నానం రిజిస్టరు అని అడగాలి, అది విచారణ గురువుల (ఆ ప్రాంతపు చర్చి ఫాదర్) దగ్గర ఉంటుంది. బాప్టిస్టులు మాత్రం పెద్దయ్యాక, నమ్మి అడిగినవాళ్ళకే ఇస్తారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి చోట తేదీ దొరికినా దాన్ని పుట్టినరోజు అనుకోవద్దు.

మీ ఊరి గుడి చిన్నదైతే పాత పుస్తకాలు పాస్టరేటు (ఒక పాస్టరు కింద ఉండే సంఘాల కేంద్రం) ఉన్న ఊళ్ళో ఉండొచ్చు. పాస్టరు అయ్యగారికి ముందే ఫోన్ చేసి, ఆదివారం కాకుండా వేరే రోజు వెళ్ళండి.

నేను రెండుసార్లు వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాను. ముత్తాత పేరు యోహాను అని తెలుసు, కానీ ఆ పుస్తకంలో యోహానులే తొమ్మిదిమంది. పైగా పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మా ఇంటిపేరు ఒకచోట టీతో, ఇంకోచోట డీతో రాశారు. చివరికి నాయనమ్మను అడిగితే, "ఊళ్ళో పెద్దోళ్ళు మా మామను కోటయ్య అనే పిలిచేవాళ్ళురా" అంది. దాంతో దారి దొరికింది. పూర్వపు పేరు (బాప్తిస్మానికి ముందున్న పేరు) గడిలో కోటయ్య, వయసు సుమారు 30, తండ్రి పేరు, ఊరు, అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. అందుకే గుడికి వెళ్ళేముందు ఇంట్లో పెద్దవాళ్ళను పాత పేర్లు, ముద్దుపేర్లు అన్నీ అడిగి రాసుకోండి. లూథరన్ మిషన్ గుంటూరులో మొదలైందే 1842లో, హయ్యర్ అనే మిషనరీ దొరగారు వచ్చాక. అంతకుముందు తరాలవాళ్ళు ఆ తండ్రి పేరు గడిలో తప్ప ఇంకెక్కడా కనిపించరు.

దొరికిన వరుసతో ఆగకండి, కింది వరుసలూ చదవండి. కుటుంబమంతా ఒకేరోజు తీసుకుంటే పేర్లు వరసగా ఉంటాయి. మా ముత్తాత కింద ఆయన భార్య, అంటే మా జేజమ్మ పేరు, తర్వాత మా తాత, ఆ తర్వాత మార్త అనే నాలుగు నెలల పాప. ఆ పాప సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, నాయనమ్మకూ తెలియదు. ఆ పేరు మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. ఇప్పుడు అదే సంఘంలో భూస్థాపనల రిజిస్టరు చూస్తున్నాను.