చనిపోయిన మీ తాతగారి చమత్కారాల్లో మీకు ఇప్పటికీ గుర్తున్నవి ఏవి?

మా తాత నవ్వడం నేను పెద్దగా చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఆయన మాత్రం రేషన్ షాపు క్యూలో నిలబడ్డ మనిషిలా మొహం పెట్టుకుని కూర్చునేవాడు. కొత్తవాళ్ళయితే ఆయన అన్నది జోకని అర్థం చేసుకునేసరికి ఆయన తువ్వాలు దులుపుకుని చెరుకుతోట దారి పట్టేవాడు.

మాది పాకాల దగ్గర పల్లె. మామిడి, చెరుకు, కొన్నేళ్ళు బెల్లం గానుగ కూడా ఉండేది. కాణిపాకం మాకు దగ్గరే. తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి: అక్కడ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేసి అబద్ధం చెబితే స్వామి వదలడని నమ్మకం. మా పక్క ఏ తగాదా వచ్చినా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అనేది ఆఖరి మాట. అంత పెద్ద ప్రమాణాన్ని మా తాత మామిడికాయల కోసం వాడేవాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎండాకాలం సెలవులు. వరిగడ్డిలో మాగేసిన బేనీషా కాయలు ఆరు కనబడలేదు. నేను, మా అక్క, మామ పిల్లలిద్దరు, మొత్తం నలుగురం. తాత మమ్మల్ని వసారాలో వరసగా నిలబెట్టి, "రేపు తెల్లారి బస్సుకు కాణిపాకం పోతా ఉండాం. తువ్వాళ్ళు మీవే తెచ్చుకోండి" అన్నాడు. తర్వాత నిదానంగా శంఖుడు, లిఖితుడి కథ మొదలుపెట్టాడు. అన్నదమ్ములిద్దరూ నడిచిపోతుంటే తమ్ముడికి ఆకలేసింది, అన్న వద్దంటున్నా ఎవరిదో తోటలో మామిడికాయ కోసుకు తిన్నాడు. అన్న ఊరుకోక రాజుకు చెప్పాడు, రాజు తమ్ముడి చేతులు నరికించాడు. కాణిపాకం పక్కనున్న ఏట్లో మునిగితే చేతులు మళ్ళీ వచ్చాయి, అందుకే ఆ ఏటికి బాహుదా అని పేరు. ఈ కథ మాకు ముందే తెలుసు, చేతులు వస్తాయని ధైర్యంగానే ఉన్నాం.

తాత అక్కడ ఆగి, "అప్పుడు ఏట్లో నీళ్ళుండె. ఇప్పుడు మే నెల, ఇసక తప్ప ఏముండాది? మీ చేతులు వానాకాలం దాకా ఆగాల్సిందే" అన్నాడు.

అందరికంటే చిన్నవాడు బోరుమని ఏడ్చి, ఎవరు ఎన్ని తిన్నారో లెక్కతో సహా చెప్పేశాడు. నిజం చెప్పినందుకు వాడికి ఇంకో కాయ దొరికింది. మాకు టెంక కూడా ఇవ్వలేదు.

మర్నాడు నిజంగానే తీసుకుపోయాడు. అవ్వ కూడా వచ్చింది. కోనేటి మెట్ల మీద ఆమె ఉన్నట్టుండి తాత వైపు తిరిగి, "పిల్లోళ్ళ సంగతి సరే. బీడీలు మానేసినానని చెప్తా ఉండావే, నువ్వు మునిగి ఆ మాట చెప్పు" అంది. తాత వంగి నీళ్ళలో వేలు పెట్టి చూసి, "కాగిపోతా ఉండాయి మే. చలికాలం వస్తాంలే" అన్నాడు. చలికాలం పోయినప్పుడు నీళ్ళు జిల్లుమన్నాయి, ఎండాకాలానికి వాయిదా పడింది. ఈ వాయిదాలు ఇరవై ఏళ్ళు దాటి నడిచాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడి పాకాల అటు పోయింది, కాణిపాకం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఆ వార్త టీవీలో వస్తుంటే తాత అవ్వను పిలిచి, "విన్నావా? ఈ జిల్లాలో తాగిన బీడీకి ఆ జిల్లాలో ప్రమాణం చెల్లదు" అన్నాడు.

ఆయన మాటలు అందరికీ రుచించేవని చెప్పను. ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో నాకు 11 మార్కులు వచ్చాయి. నేను గదిలో ముసుగు తన్ని పడుకుంటే ఆయన అవ్వ చేత ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేయించి వీధంతా పంచాడు. "మావోడికి పదకొండు వచ్చినాయి, క్రికెట్ టీముకు సరిపోతాయి" అని ప్రతి గడపలోనూ చెప్పాడట. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పటికీ అది తల్చుకుంటే కాస్త మండుతుంది. కానీ ఒకటి గమనించాను: ఆ తర్వాత "రిజల్టు ఏమైంది నాయనా?" అని నన్నెవరూ అడగలేదు. అడిగేందుకు ఏం మిగల్లేదు, వీధి మొత్తం అప్పటికే ఓళిగలతో పాటు నవ్వేసి ఊరుకుంది.

మా నాన్న మొదటిసారి టై కట్టుకుని ఇంటర్వ్యూకి బయల్దేరితే, "గంగజాతర ఇంకా రాలేదే, అప్పుడే దొరవేషమా?" అన్నాడట. తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు రోజుకో వేషం కడతారు, దొరవేషం అందులో ఒకటి. చివరి రోజుల్లో మోకాళ్ళ నొప్పులు. తిరుమల నడక దారిలో మోకాళ్ళ పర్వతం అనే నిటారు మెట్లెక్కుదామా తాతా అని ఎవరైనా ఆటపట్టిస్తే, "మోకాళ్ళ పర్వతం నాకు ఇంట్లోనే ఉండాది, మంచం దిగితే చాలు" అనేవాడు.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది తిరుమలలో జరిగింది. మా అక్క కొడుకు పుట్టెంట్రుకలకు పోయాం. కల్యాణకట్టలో తాత కూడా కూర్చున్నాడు. తల మీద వేళ్ళతో లెక్కపెట్టేటన్ని వెంట్రుకలు. కత్తి పట్టుకున్నాయన ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటే, తాత మీసం మీద వేలు పెట్టి, "అసలు ఎప్పుడో చెల్లిపోయింది నాయనా. వడ్డీకాసులోడు కదా, దీన్ని వడ్డీ కింద జమ చేసుకో" అన్నాడు. ఆ మనిషి కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. మీసం లేని మొగుణ్ణి చూసి అవ్వ, "ఎవురు కావాలయ్యా?" అని సత్రం గది గడపలోనే నిలేసింది. జోకుల్లో ఆమె తక్కువేం కాదు, పేరు మాత్రం తాతకు వచ్చింది.

తాత 2023 డిసెంబర్లో పోయాడు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా.

పెద్దకర్మ రోజు ఆయనకు ఇష్టమైనవన్నీ ఫొటో ముందు ఆకులో పెట్టాం. సంగటి, ఊరిబిండి, ఓళిగలు, బెల్లం ముక్క. అంతా అయిందనుకుంటుంటే అవ్వ లేచి లోపలికి పోయింది. అటక మీద బెల్లం కుండ వెనకాల నుంచి సగం వాడిన బీడీ కట్ట తెచ్చి ఆకులో ఓళిగ పక్కన పెట్టింది. మా నాన్న, "అమ్మా, ఇవి యాడివి?" అంటే ఆమె పలకలేదు. ఫొటో వైపు తిరిగి, చెంగు భుజాల నిండా కప్పుకుని, "చలికాలమే గదా ఇది. ఇప్పుడు చెప్పు" అంది.

ముందు మా అక్క నవ్వింది, తర్వాత అందరం. ఏడుస్తున్నవాళ్ళు కూడా. ఫొటోలో తాత మాత్రం రేషన్ షాపు క్యూలోనే ఉన్నాడు.